బకాయి

టికెట్ల పుస్తకం నా దగ్గరే ఉంది.
కుర్చీకి వంద, చాపకి ఇరవై.
పడవ నడిపే దిగంత పేగు
డబ్బుల్లేవని, అరటాకులో చుట్టి
రెండు వాలుగ చేపలు బల్ల మీద పెట్టాడు.
ఏ పద్దులో రాయాలో
ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసులో లెక్కలు రాసిన నాకు
తోచలేదు.
'వగైరా' అని రాశాను.

దిఖౌ నది ఒడ్డున మా కళాకేంద్రం.
పైకప్పు రేకులు నాకంటే రెండేళ్లు చిన్నవి,
నాకంటే ముందే తుప్పు పట్టాయి.
వాటి కోసమే ఈ కచేరీ.

ముక్తినాథ్ రాజ్‌ఖోవా వస్తున్నాడంటే
గువాహటిలో పోలీసులు తాళ్లు కడతారు.
ఇక్కడ పడవ దిగి
చెప్పులు చేత్తో పట్టుకుని
మోకాలిలోతు బురదలో నడిచొచ్చాడు.
రంజుమణి మెడలో గామోసా వేసింది.
తాంబూలం అందుకుంటూ అడిగాడు:
"ఆ మూల హార్మోనియం ఉండాలి కదా?"
ఎలుకలు కొట్టేశాయని
ఎవరం చెప్పలేదు.

ఎందుకు అడిగాడో నాకు తెలుసు.
పోయిన నెల బీరువాలో పాత రిజిస్టరు దొరికింది.
ముక్తి, పదకొండేళ్లు,
హార్మోనియం తరగతి, నెలకు అర్ధరూపాయి,
మూడు నెలలు బకాయి.
కింద ఎర్ర సిరా గీత.
ఆ తర్వాత ఆ పేరు ఏ పేజీలోనూ లేదు.
రిజిస్టరు నా కుర్చీ కింద పెట్టుకున్నాను,
చూపించాలా వద్దా తేలక.

పాట మొదలైంది.
గొంతు ముందులా లేదు.
పై స్థాయిలో ఒకచోట చిరిగింది,
పెట్టెలో దాచిన ముగా పట్టు
మడత దగ్గర చిరిగినట్టు.
చప్పట్లు పాటకు కాదు, పేరుకు పడ్డాయి.
అది ఆయనకూ తెలిసిపోయింది.
తలపాగా లేని తలను తడుముకున్నాడు.

అప్పుడొచ్చింది బొర్దొయిసిలా.
పుట్టింటికి పరుగెత్తే కూతురంటారు మావాళ్లు
ఆ చైత్రపు గాలివానని.
దారిలో ఉన్న ఏ గుమ్మాన్నీ ఆమె పట్టించుకోదు.
రేకుల మీద బస్తాలకొద్దీ శనగలు గుమ్మరించింది.
కరెంటు పోయింది, మైకు పోయింది,
వేదిక మీద సరిగ్గా ఆయన కుడి మోకాలి పక్కన
కప్పు కారడం మొదలైంది.
ఖోల్ వాయించే కుర్రాడు
పసిపిల్లను ఎత్తుకున్నట్టు
వాయిద్యాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు.
ఎవరో బకెట్ తెచ్చి పెట్టారు.

టంగ్.

టంగ్.

ఆయన ఆగి, చెవి వంచాడు.
దోతారా బిరడ బిగించి, కాస్త వదిలి,
"నీకు నాకంటే శ్రుతి జ్ఞానం ఎక్కువే" అన్నాడు
బకెట్‌తో.
తీగ ఆ చుక్కలో కలిసింది.
ఇక అక్కణ్ణించి పాడాడు, చిన్నగా,
అద్దరి వాడికి వినిపించాలని లేని పడవవాడిలా.
ముందు వరుస దాటి వినపడలేదు.
చాపల వాళ్లు చాపలతో సహా లేచి
కుర్చీల మధ్యకు వచ్చి కూర్చున్నారు.
వందకీ ఇరవైకీ మోకాళ్లు తగులుకున్నాయి.
నేను కసరబోయి ఊరుకున్నాను.

బకెట్ నిండేకొద్దీ చుక్క గొంతు పైకి జరిగింది.
ఆయన దాని వెంటే వెళ్లాడు.
ఇందాక చిరిగిన చోటు దాటాడో లేదో
నేను చెప్పలేను.
ఆ సమయానికి
రెండో బకెట్ వెతుకుతున్నాను.

వసూలు: ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై.
సగానికి కొంచెం తక్కువ కప్పు వస్తుంది.
వేదిక మీద వేయాలా, జనం మీదా అని
కమిటీ అర్ధరాత్రి దాకా పోట్లాడింది.
వాలుగ పులుసు కలుపుకుంటూ
ఆయన ఒక్క మాటా కలగజేసుకోలేదు,
ఇంకొంచెం అన్నం అడిగాడు.

చేతులు కడుక్కున్నాక రిజిస్టరు తెరిచి చూపించాను.
లాంతరు దగ్గరకు జరిపి
రెండుసార్లు చదివాడు.
ఎర్ర గీత మీద వేలితో రాశాడు.
జేబులోంచి ఐదు వందల నోటు తీశాడు
రూపాయిన్నర కోసం.

చిల్లర లేదన్నాను.

నా కాళ్ల దగ్గర రేకు పెట్టె నిండా
ఇరవైలు ఉన్నాయి.